అంతరిక్షనౌకకు వస్త్రము, కంటికి కటకము

2023వ సంవత్సరము జులై 14వ తేదీన శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 పయనమై, ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగినప్పుడు, ఆ నౌక చిత్తరువును చూడనివారు మనలో అరుదు. ఆ చిత్తరువును చూచిన పిల్లలు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటియే: "నౌకకు బంగారు రేకు చుట్టుట యేల?" ఇంటిలోని పెద్దలు గూడ పెక్కుమంది యది బంగారమే యని తలంతురు. అది బంగారము కాదు. అది పాలిమైడు అను పాలిమరుతో చేసిన పలుచని పొర. ఆ పొర సహజముగా తేనెవన్నె గలది. దాని వెనుక పూసిన అల్యూమినియపు తళుకు ఆ తేనెవన్నెగుండ కనబడుటచేత మన కంటికి పసిడివలె తోచును. తేటమాటలో చెప్పవలెనన్న, మనము నిత్యము "ప్లాస్టిక్కు" అని చులకనగా పలుకు పదార్థపు కుటుంబములోనిదే యది.

ఈ చులకన భావమును గూర్చియే నేను నాలుగు మాటలు వ్రాయదలచితిని. పాలిమరులను తెలిసికొనక నిందించుటయు, తెలిసికొనక వాడుటయు రెండును తప్పే యనియు, వానిని తెలిసికొను విద్య మన పాఠశాలలలో రానురాను సన్నగిల్లుచున్న దనియు నా అభిప్రాయము.

ముందుగా పాలిమరు అన నేమి? చిన్న చిన్న అణువులు పూసలవలె ఒకదానితో నొకటి కూడి, వేలకొలదిగా గొలుసు కట్టిన నేర్పడు బృహదణువే పాలిమరు. ఈ గొలుసులు మానవుని సృష్టి మాత్రమే కావు. మనము కట్టు నూలుబట్ట, పట్టుబట్ట, వ్రాయు కాగితము, తలుపు చెక్క, ఇవన్నియు ప్రకృతి యల్లిన పాలిమరులే. అయినను ఈ సత్యము పండితులకు సైతము సులభముగా మింగుడుపడలేదు. 1920వ సంవత్సరమున జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగరు ఇట్టి దీర్ఘమైన గొలుసులు గలవని వ్రాసినప్పుడు ఆ కాలపు పెద్దలు పలువురు నమ్మరైరి. ఆయన పట్టు విడువక సాక్ష్యములు కూర్చెను. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఈలోగా 1907వ సంవత్సరముననే అమెరికాలో లియో బేకలండు లక్కకు బదులుగా బేకలైటును కనుగొనియుండెను. విద్యుత్ పరిశ్రమకు కావలసిన లక్క మన దేశమునుండియే విశేషముగ ఎగుమతి యగుచుండెడిది. పురుగులు చేయు లక్క చాలకపోవుటచేతనే మనుష్యుడు లక్కను మించినదానిని చేయబూనెను.

మన తెలుగునేలపై నీ కథకు మరియొక తార్కాణము గలదు. శ్రీహరికోటకు చేరువనున్న గూడూరు ప్రాంతము అభ్రకపు గనులకు ప్రసిద్ధి. అభ్రకమును మనవారు కాకిబంగారమందురు. వేడికి కాలక, విద్యుత్తును తనగుండ పోనీయక యుండు గుణముచేత ఆ కాకిబంగారము విద్యుత్ యంత్రములలో నెంతయో అక్కరకు వచ్చినది. అది భూమి యిచ్చిన నిరోధకము. నౌకపైని పసిడివన్నె పొర రసాయనజ్ఞుడు కల్పించిన నిరోధకము. రెండును బంగారము కావు. రెంటికిని బంగారము చేయజాలని పని చేతనగును.

ఇక అంతరిక్షము ఒక పదార్థమును ఏమేమి కోరునో చూతము. భూమికి చేరువగా తిరుగు నౌక ఇంచుమించు గంటన్నరకొకసారి ఎండలోనికిని నీడలోనికిని మారుచుండును. ఎండలో నూరు డిగ్రీలు దాటు వేడి, నీడలో నూరు డిగ్రీలకు దిగువనుండు చలి. సాధారణమైన ప్లాస్టిక్కు ఆ వేడికి మెత్తబడును, ఆ చలికి పెళుసై పగులును. పాలిమైడు గొలుసులోనో, పూసలు కేవలము ఒంటి తీగపై గ్రుచ్చినవి కావు. కర్బన, నత్రజని పరమాణువులు దృఢమైన వలయములుగా కూర్చబడి, ఆ వలయములే గొలుసులో కణుపులై నిలుచును. అందుచేత గొలుసు సులభముగా వంగదు, వేడికి తెగదు. డ్యూపాంట్ సంస్థవారు 1960 దశాబ్దమున విపణికి తెచ్చిన కాప్టన్ అను పాలిమైడు పొర సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు మొదలు 400 డిగ్రీల వరకు పనిచేయగలదు. 1969లో అపోలో-11 యాత్రికులను చంద్రునిపై దింపిన వాహనపు క్రింది భాగమునకు చుట్టబడిన పసిడివన్నె దుప్పటి యీ జాతిదే.

వేడి, చలి మాత్రమే శత్రువులైన కథ యంతటితో ముగిసియుండెడిది. కాని భూమికి కొన్ని వందల కిలోమీటర్ల యెత్తున సూర్యుని అతినీలలోహిత కిరణములు ఆమ్లజని అణువును చీల్చి ఒంటి పరమాణువులుగ చేయుచున్నవి. మనకు ప్రాణాధారమైన ఆమ్లజనియే అక్కడ ఒంటరియై మిక్కిలి చురుకైన శత్రువగును. నౌక సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగమున ఆ పరమాణువులను ఢీకొనుచుండుటచే పాలిమరు పొర చెదపురుగు తిన్న కాగితమువలె నానాటికి క్షీణించును.

ఈ సంగతి ప్రయోగశాలలో కూర్చుండి సంపూర్ణముగ నెరుగుట సాధ్యము కాదు. కావున 1984 ఏప్రిలులో అమెరికావారు ఒక మోటారుబస్సంత పరిమాణముగల చట్రమునకు పదివేలకు మించిన నమూనాలను అమర్చి, అంతరిక్షమున విడిచివచ్చిరి. సుమారొక సంవత్సరములో తిరిగి తేవలెనని సంకల్పము. కాని 1986లో ఛాలెంజరు నౌక కూలిపోయి ఏడుగురు యాత్రికులు మరణించుటచే ఆ పని ఆగిపోయినది. చివరకు 1990 జనవరిలో, అయిదున్నర సంవత్సరములు దాటిన పిమ్మట, కొలంబియా నౌక దానిని భూమికి తెచ్చెను. నౌక సాగు దిక్కునకు ఎదురుగానున్న ముఖమున రక్షణ లేని కాప్టన్ పొరలు పూర్తిగా మాయమైయుండెను! వెనుకవైపు ముఖమున నున్నవి చాలవరకు నిలిచియుండెను. ఒకే పదార్థము, ఒకే కాలము. నిలిచిన దిక్కును బట్టి యొకటి నశించెను, ఒకటి బ్రతికెను.

అటులనే 1990లో పంపబడిన హబుల్ దూరదర్శినిని 1997లో యాత్రికులు మరమ్మతు చేయబోయినప్పుడు, దానిపై కప్పిన టెఫ్లాన్ పొర పలుచోట్ల పగిలియుండుట చూచిరి. టెఫ్లాన్ వంటి మొండి పదార్థమునకు గూడ ఏడేండ్ల ఎండయు, కిరణములును, వేడిచలుల మార్పులును భారమైనవి. ఈ పాఠములు నేర్చిన రసాయనజ్ఞులు పాలిమైడు గొలుసులోనే సిలికాను, ఆమ్లజని పరమాణువులతో చిన్న పంజరముల నమర్చిరి. ఒంటి ఆమ్లజని వచ్చి కొట్టినప్పుడు పైపొర కొంత పోవును. కాని పంజరములలోని సిలికాను ఆమ్లజనితో కూడి ఇసుకజాతి పొరగా మారి, లోపలిదానిని కాపాడును. శత్రువు కొట్టిన దెబ్బయే కవచముగ మారునన్నమాట. ఇంతకన్న తెలివైన యుక్తిని కథలలోనైన అరుదుగా చదువుదుము.

పాలిమరుల ప్రతాపమునకు 2021 డిసెంబరు 25వ తేదీన పయనమైన జేమ్స్ వెబ్ దూరదర్శిని నాకు తెలిసినంతలో మేలైన నిదర్శనము. అది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్నది. సుదూర నక్షత్రముల యొక్క పరారుణ కిరణములను, అనగా కంటికి కానరాని వేడికాంతిని, అది చూడవలెను. తానే వేడిగానున్న యంత్రము ఇతరుల వేడిని చూడలేదు. కావున దానికి కాప్టన్ పొరలు అయిదింటితో, టెన్నిసు మైదానమంత గొడుగు పట్టిరి. ఎండ తగులు మొదటి పొర మందము 50 మైక్రోమీటర్లు. తక్కిన నాలుగింటి మందము 25 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరులో నలువదవ వంతు. ఎండవైపు సుమారు 85 డిగ్రీల వేడి; నీడవైపు సున్నకు దిగువ సుమారు 233 డిగ్రీల చలి. నడుమనున్నవి అయిదు పలుచని పొరలును, వాని మధ్యనున్న శూన్యమును మాత్రమే. ఒకచోట చిరిగిన చిరుగు పొడుగున పాకకుండ పొరయందు గళ్లుగళ్లుగా అతుకులు వేసిరి. ఆ పొరలను మడిచి కట్టిన 107 బంధనములలో ఒక్కటి విడివడకున్నను మరమ్మతుకు పోగలవారు లేరు. 2022 జనవరి 4వ తేదీన గొడుగు పూర్తిగా విప్పుకొనినది.

ఇచ్చట మరియొక చిక్కు గలదు. నౌకకు వస్త్రముగ మంచిదైన పాలిమైడు, కాంతి సాగు పరికరములకు పనికిరాదు. ఏలయన అది పసుపువన్నె గలది. ఆ రంగు మలినమువలన వచ్చినది కాదు. గొలుసులో ఒక భాగము ఎలక్ట్రానులను ఇచ్చు స్వభావము గలది, రెండవ భాగము పుచ్చుకొను స్వభావము గలది. ఈ యిచ్చిపుచ్చుకొనుటలో నీలికాంతి హరింపబడి, మిగిలిన కాంతి పసుపుగ కనబడును. అమెరికాలోని లాంగ్లీ పరిశోధనాలయమువారు గొలుసులో ఫ్లోరిను గల స్థూలమైన సమూహముల నమర్చి, గొలుసులు దగ్గరకు రాకుండ చేసిరి. ఇచ్చిపుచ్చుకొనుట తగ్గెను, రంగు పోయెను, తేటనీటివంటి పాలిమైడు సిద్ధమాయెను. 2019లో వచ్చిన మడతపెట్టు చరవాణి తెరపై గూడ ఇట్టి రంగులేని పాలిమైడు పొరయే కనబడినది.

కాంతి పరికరముల చెంతనుండు పాలిమరు మరియొక మర్యాద పాటింపవలెను. శూన్యములో పదార్థములనుండి ఆవిరులు వెలువడి, చల్లని కటకముపై మంచువలె పట్టును. అందుచేత నౌకలో వాడు ప్రతి జిగురును, ప్రతి పూతను శూన్యమున 125 డిగ్రీల వేడిలో 24 గంటలుంచి తూచెదరు. బరువులో నూటికి 1 వంతు కంటె ఎక్కువ పోరాదు. చల్లని ఫలకముపై పేరుకొనునది నూటికి 0.1 వంతు మించరాదు. తనపని తాను చేయుట చాలదు, పొరుగువాని చూపును మసకపరుపరాదు అను నీతి పదార్థములకు గూడ వర్తించుచున్నది.

"ఇవన్నియు ఆకాశపు ముచ్చట్లు, మా కేమి?" యని యడుగు తల్లిదండ్రుల కొక సంగతి విన్నవింతును. మీ ఇంటిలోని తాతగారికో, అమ్మమ్మగారికో శుక్లము తీసి కంటిలో కటకము పెట్టియుందురు. ఆ కటకమును పాలిమరుతోనే చేసెదరు. రెండవ ప్రపంచ యుద్ధమున విమానపు అద్దములు పగిలి, పెర్స్పెక్సు అను పాలిమరు తునకలు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొనినవి. ఆ తునకలు కంటిలో నిలిచియుండియు వాపు కలిగింపకుండుటను లండను వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించెను. 1949 నవంబరు 29వ తేదీన సెయింట్ థామస్ వైద్యశాలలో ఆయన ఆ పదార్థముతో చేసిన కటకమును రోగి కంటిలో నమర్చెను. తోటి వైద్యులు పలువురు చాలకాలము ఆక్షేపించిరి. 2000వ సంవత్సరమున, తన 93వ యేట, ఆయనకు సర్ బిరుదము లభించినది. మన పొరుగునున్న మధురలో 1992లో నెలకొల్పబడిన ఆరోల్యాబ్ సంస్థ యిట్టి కటకములను చవుకగా చేసి పేదల కందుబాటులోనికి తెచ్చినది. సులోచనముల సంగతియు నట్టిదే. వరుసలో 39వ మిశ్రమమగుటచే సీ.ఆర్.39 అని పేరుగొన్న పాలిమరు కటకములు గాజు బరువులో ఇంచుమించు సగమే తూగును.

అంతరిక్షముచేతనే కంటికటకము వచ్చినదని నేను చెప్పను. మొదటి కృత్రిమోపగ్రహము 1957లో గదా ఎగిరినది! నేను చెప్పునది వేరు. ఒక పదార్థపు స్వభావమును ఓపికతో తెలిసికొన్నచో, అది ఎచ్చట అక్కరకు వచ్చునో ముందుగా నెవ్వరును చెప్పజాలరు. యుద్ధవిమానపు అద్దము వృద్ధుల చూపయ్యెను. నౌక దుప్పటి చేతిలోని తెర యయ్యెను.

ఇక ప్లాస్టిక్కును నిందించువారి మాట. వారి ఆవేదన న్యాయమైనది. కాలువలు పూడుచున్నవి, పశువులు సంచులు మ్రింగి చచ్చుచున్నవి. మన ప్రభుత్వము 2022 జులై 1వ తేదీనుండి ఒక్కసారి వాడి పారవైచు కొన్ని వస్తువులను నిషేధించినది, అది మంచిపనియే. కాని దోషమెచ్చట నున్నదో విచారింతము. నశింపకుండుట అంతరిక్షమున గుణము. అదే మురుగుకాలువలో దోషము. పదార్థమొక్కటే, చోటు వేరు. పావుగంట పనికి తరములు నిలుచు పదార్థమును వాడుట మన అవివేకము. ఏండ్లతరబడి కంటిలో నిలువవలసిన కటకమునకు నిలుచు పదార్థమును వాడుట వివేకము. ఎంతకాలపు పనికి అంతకాలపు పదార్థము అను కొలతను పాటించినచో సగము చిక్కు తీరును. మిగిలిన సగము రసాయనజ్ఞుల బాధ్యత. పాలిమైడు వంటివానిని తిరిగి కరగించి పోతపోయుట సాధ్యము కాదు గనుక, పుట్టుకతోపాటు అంతమును గూడ ఆలోచించియే క్రొత్త పాలిమరును సృజింపవలెను. ఆ పని చేయగలవారు ప్లాస్టిక్కును అసహ్యించుకొనువారు కారు. దానిని క్షుణ్ణముగ నెరిగినవారు.

అట్టివారెచ్చటనుండి వత్తురు? మన తరగతి గదులనుండియే రావలెను. ఇచ్చటనే నాకు దిగులు కలుగుచున్నది. నేడు రసాయన శాస్త్రమన్నచో నాలుగు సమాధానములలో నొకదానిని గుర్తించు నేర్పుగా మారినది. పరీక్షనాళికను చేతపట్టకయే ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడగుట సాధ్యమైనప్పుడు, ప్రయోగశాల బీరువాకు తాళమెవ్వరు తీయుదురు? తల్లిదండ్రులు మార్కుల పట్టికను చూచెదరు గాని, "ఈ యేడు నీ చేతులతో ఏమి చేసితివి?" అని యడుగువారు కొలది మంది. స్టౌడింగరుకు నోబెల్ బహుమానము వచ్చుటకు ముప్పది మూడేండ్లు పట్టినవి. అంతరిక్షమున విడిచిన నమూనాలకై అయిదున్నరేండ్లకు మించి వేచియుండిరి. అట్టి ఓపిక నిమిషమున కొక ప్రశ్న చొప్పున గుర్తు పెట్టించు చదువువలన అలవడునా? అలవడదని నా దృఢ విశ్వాసము.

గంటలకొలది వెచ్చము లేకుండ, విలువైన పరికరములు లేకుండ చేయదగిన ప్రయోగమొకటి చెప్పెదను. గణకయంత్రపు తెరను తెల్లగా వెలిగించి, దాని యెదుట తేటయైన ప్లాస్టిక్కు కొలబద్దను పట్టుకొని, పోలరాయిడు చలువ అద్దములగుండ చూడుడు. అద్దములను మెల్లగా త్రిప్పినచో కొలబద్దలో ఇంద్రధనుస్సు వన్నెలు కనబడును. పోతపోసి చల్లార్చునప్పుడు గొలుసులు కొన్ని ఒక దిక్కునకు లాగబడి బిగిసియుండుటయే ఆ వన్నెలకు కారణము. దూరదర్శిని కటకమున అదే బిగువు దోషమగును. దానిని తొలగించుటకే నిపుణులు శ్రమపడుచున్నారు. ఒక్క కొలబద్దయందు ఇంత శాస్త్రమున్నదని యెరిగిన బాలుడు దానిని మరల చులకనగా చూడడు.

కావున మన పాఠశాలలోను, ప్రతి పాఠశాలలోను, వారమున కొక పూటయైనను విద్యార్థులు స్వయముగ పదార్థములను తూచి, వేడిచేసి, వంచి, విరిచి, కనుగొన్నది వ్రాయు పద్ధతి నెలకొల్పవలెనని నా మనవి. తల్లిదండ్రులు దానిని కాలహరణముగ నెంచరాదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను, తిరువనంతపురములోని విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రములోను పాలిమరులపై పరిశోధన సాగుచున్నది. అచ్చటి బల్లలయొద్ద రేపు నిలువవలసినవారు ఈ పత్రికను నేడు చదువుచున్న బాలబాలికలే. గణకయంత్రముల విద్య మంచిదే. అందరును ఆ యొక్క గుమ్మముననే గుమిగూడుట మంచిది కాదు. ఎంతటి గణకయంత్రమైనను ఏదో యొక పదార్థముతోనే చేయబడవలెను గదా!

విద్యార్థులారా, మరల నేదైన నౌక శ్రీహరికోటనుండి లేచునప్పుడు మీ చెల్లెలో తమ్ముడో "అది బంగారమా?" యని యడిగినచో, కాదని మాత్రమే చెప్పి యూరకుండకుడు. అది యేమియో, ఏల పసుపుగనున్నదో, ఏ దెబ్బకు నిలుచునో, ఏ దెబ్బకు క్షీణించునో చెప్పుడు. చెప్పలేని చోట తెలిసికొనుడు.